గ్రాట్సు నగరపు గడియారము

ఆస్ట్రియా దేశమున మూరు నదీతీరమునందున్న గ్రాట్సు నగరము మిక్కిలి మనోహరమైనది. దాని ప్రాచీనభాగమును యునెస్కోవారు 1999లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. ఊరి నడుమ ష్లోస్‌బర్గు అను కొండయు, దానిపై గడియారపు గోపురమును గలవు. 1809లో నెపోలియనుతోడి యుద్ధము ముగిసిన పిదప కొండకోటను పడగొట్టవలసి రాగా, పౌరులు ధనము చెల్లించి యీ గోపురమును దక్కించుకొనిరి.

ఆ నగరమున ఎఫ్.హెచ్. యోఆనేయుమ్ అను విద్యాలయమువారు 2014లో కంటెంటు స్ట్రాటజీ యను స్నాతకోత్తర విద్యను ప్రారంభించిరి. అచ్చట కొన్ని పాఠములు చెప్పుటకై మేమేగితిమి. పేరు క్రొత్తదేగాని, సోదరీమణులారా, విషయము మనకు క్రొత్తది కాదు. ఉగాదికి ముందు ఇల్లాలు సామానుగది సర్దుచు, ఏ జాడీలో నేమున్నది, ఏది బూజుపట్టినది అని చూచును గదా! సంస్థలు ప్రజలకై వ్రాసిపెట్టిన మాటల నట్లే సరిచూచి, ఏది యుంచవలెను, ఏది తీసివేయవలెను, దాని బాధ్యత యెవరిది అని నిర్ణయించుటయే యీ విద్య.

మొదటి పాఠము 2 గంటలకు. భోజనానంతరము నది యొడ్డున నిలిచి గోపురమువంక జూడగా 1 గంట 10 నిమిషములైనట్లు తోచినది. తీరికగా నడచి చేరునప్పటికి విద్యార్థులు మాకై కాచుకొని యుండిరి. మేము చూచినపుడే 2 గంటల 5 నిమిషములైనదట! ఆ గడియారమున పెద్దముల్లు గంటలను, చిన్నముల్లు నిమిషములను చూపును. పూర్వము దూరమునుండి కానవచ్చుటకై గంటల ముల్లొక్కటే పెట్టిరి. నిమిషముల ముల్లు తరువాత వచ్చినది. ఊరివారికిది తెలియును; పరదేశులకు తెలియదు.

అందరును నవ్విరి. మేము సిగ్గుపడి, వ్రాసికొనిపోయిన యుపన్యాసమును ప్రక్కనబెట్టి, ప్రయాణమునకై తెచ్చుకొన్న ఓ.ఆర్.ఎస్. పొట్లములు రెండు బల్లపై నుంచితిమి. ఒకటి 1 లీటరు నీటికి, రెండవది 200 మిల్లీలీటర్లకు. "అర్ధరాత్రము. బిడ్డకు విరేచనములు. తల్లికి నిద్రలేదు. ఆమె దీనిని చదువవలెను" అంటిమి.

కొందరు రంగులను గూర్చియు, కొందరు అక్షరముల సొంపును గూర్చియు మాటలాడిరి. బిడ్డలతల్లియైన యొక విద్యార్థిని మాత్రము పొట్లమును త్రిప్పి త్రిప్పి చూచి, "నీటి కొలత యెక్కడ?" అనెను. కొలత యున్నది, సన్నని యక్షరములలో, పది మాటల నడుమ నున్నది. లీటరు పొట్లమును గ్లాసెడు నీటిలో కలిపినచో ఉప్పెక్కువై బిడ్డకు హాని కలుగును. తరగతి నిశ్శబ్దమయ్యెను. ఆ దినమెల్ల వారు ఆ పొట్లముపై మాటలనే తిరుగ వ్రాసిరి. నీటి కొలత మొదటికి వచ్చెను.

చక్కగా వ్రాయుట యెట్లో మేము చిరకాలము చెప్పితిమి. చదువువా రెవరు, ఏ వేళ చదువుదురు అని యంతగా నడుగలేదు. ఇల్లు చేరిన వెంటనే మందులపెట్టె తెరచి, ఒక్కొక్క పొట్లముపై చీటి యంటించి, అత్తగారి కంటికి ఆనునట్లు పెద్ద యక్షరములతో నీటి కొలత వ్రాసితిమి.