పెట్టె బయట రాయడం

వెబ్ పేజీల్లో మనల్ని రాయమని ఇచ్చే పెట్టె చూడండి. నాలుగు లైన్లు పడుతుంది. ఐదోది మొదలుపెట్టగానే మొదటిది పైకి జరిగిపోయి కనబడదు. ఆ కిటికీలోంచి ఒక నవల గురించి ఆలోచించమంటే ఎలా? మన వాదన ఎక్కడ మొదలైందో మనకే తెలీదు. ఆన్‌లైన్ సాహిత్య చర్చలు అంత తొందరగా వేడెక్కడానికి మనుషుల స్వభావంతో పాటు ఈ పెట్టె కొలత కూడా కారణమేమోనని నా అనుమానం.

నేను పెట్టెల్లో నేరుగా రాయడం మానేసి పదేళ్ళ పైనే అయింది. ఫైర్‌ఫాక్స్‌కి 'ఇట్స్ ఆల్ టెక్స్ట్' అని ఒక యాడ్-ఆన్ ఉండేది. పెట్టె మూలనున్న బుల్లి బటన్ నొక్కితే అందులోని రాత నా ఈమాక్స్‌లో తెరుచుకునేది. సేవ్ చేస్తే మళ్ళీ పెట్టెలోకి వచ్చి కూర్చునేది. యూనిక్స్ వాళ్ళకిది మామూలే: 'ఎడిటర్' అనే వేరియబుల్‌లో ఏ పేరు పెట్టుకుంటే, గిట్‌లో కమిట్ మెసేజ్ రాయడానికి కూడా అదే తెరుచుకుంటుంది. ఎక్కడ రాయాలో రాసేవాడే ఎంచుకోవాలన్న మర్యాద అది. బ్రౌజర్లకి ఆ మర్యాద అబ్బలేదు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా యాడ్-ఆన్‌లన్నిటినీ ఆపేసింది, దాంతో ఇదీ పోయింది. ఇప్పుడు ఘోస్ట్‌టెక్స్ట్‌తో నెట్టుకొస్తున్నాను.

విమ్ వాడమని మిత్రులు పోరుతుంటారు. తెలుగుకి అది నరకం. టెర్మినల్ అక్షరాల్ని గళ్ళలో పేరుస్తుంది; 'లక్ష్మి' ఏ గళ్ళలో ఇముడుతుంది చెప్పండి? పైగా కీబోర్డు తెలుగులో ఉండగా ఎస్కేప్ కొట్టి 'జె' నొక్కితే కర్సర్ కదలదు. ఈమాక్స్‌లో కంట్రోల్-బ్యాక్‌స్లాష్ కొడితే తెలుగు, మళ్ళీ కొడితే ఇంగ్లీషు. కమాండ్లు రెండింట్లోనూ పనిచేస్తాయి.

ఆ మాటకొస్తే తెలుగువాళ్ళకి బయటి ఎడిటర్ కొత్తేం కాదు. లేఖినిలో టైపు చేసి, కాపీ కొట్టి, పెట్టెలో అతికించడం బ్లాగుల రోజుల్లో అందరం చేసిందే. చేత్తో చేసేవాళ్ళం, అంతే తేడా.

రాసిన ప్రతిదీ ఒక ఫోల్డర్లో దాస్తాను. మా నాన్న పత్రికలకి రాసిన ఉత్తరాలకి కార్బన్ నకళ్ళు ఉంచుకునేవాడు, బహుశా ఆ జబ్బే. పంపనివి కూడా అందులోనే ఉన్నాయి. ఒకటి, ఒక కొత్త కథకుడి మొదటి సంపుటి మీద రాసిన మూడు పేరాలు. పెట్టెలో అయితే 'పంపు' బటన్ వేలికిందే ఉంటుంది. ఈమాక్స్‌లో ఆ బటన్ లేదు. మూడు పేరాలూ ఒకే తెర మీద కనబడ్డాయి. మొదటిది కథల గురించి, రెండోది ముందుమాట రాసినాయన గురించి, మూడోది పూర్తిగా నా గురించి. మొదటిది మాత్రం పంపాను.

ఆ రచయిత జవాబు రాశారు, చివరి కథ ముగింపు అలాగే ఎందుకుండాలో వాదిస్తూ. రెండు పేజీలు. నేనింకా ఒప్పుకోలేదు. బదులు రాయడానికి తెరిచిన ఫైలు నాలుగు రోజుల్నించీ అలాగే ఉంది, అందులో ప్రస్తుతానికి ఒక్క పేరానే నిలిచింది.