నా పాత నంబర్ ఇప్పుడు అనంతపురం అన్న దగ్గర ఉంది

పోస్ట్ కొంచెం పెద్దదే. సిగ్నల్ ఉన్నప్పుడు ఓపెన్ చేసి పెట్టుకుని, లేనప్పుడు చదువుకోండి. మనకి అలవాటే కదా.

మొన్న హాస్టల్ జూనియర్ ఒకమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, నా మెయిల్ ఓపెన్ అవట్లేదు, సిమ్ ఏమో పోయింది, ఏం చెయ్యాలి" అని ఏడ్చింది. ఫోన్‌లో ధైర్యం చెప్పాను గానీ, పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. నాకు జరిగింది మొత్తం రాస్తే ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

2022 డిసెంబర్ మొదట్లో కాఫీ పళ్ల కోతకని ఇంటికి వెళ్లాను. పీజీ అయిపోయింది, ఒక రెసిడెన్షియల్ స్కూల్లో టీచర్ పోస్టుకి అప్లై చేసి ఉన్నాను, వారం ఉండి విశాఖ వచ్చేద్దామని ప్లాన్. మూడో రోజు మా నాన్న మిరియాల తీగ సరిచేద్దామని సిల్వర్ ఓక్ ఎక్కి జారి పడ్డారు. కాలు విరిగింది. డోలీలో రోడ్డు దాకా, అక్కడి నుంచి ఆటోలో పాడేరు. ఆ కథ వేరే, ఇక్కడొద్దు. వారం అనుకున్నది నాలుగు నెలలైంది. కాఫీ అయ్యాక మిరియాలు, మిరియాలయ్యాక పసుపు తవ్వకం. తమ్ముడు చిన్నోడు, అమ్మ ఒక్కతే చెయ్యలేదు.

మా ఊళ్లో సిగ్నల్ లేదు. ఊరి పైన మెట్ట ఎక్కితే జీలుగు చెట్టు దగ్గర ఒక గీత వస్తుంది, మబ్బు లేకపోతే రెండు. 2020 లాక్‌డౌన్‌లో నేను ఆన్‌లైన్ క్లాసులు విన్నది ఆ చెట్టు కిందే. నా 84 రోజుల రీఛార్జ్ డిసెంబర్ మధ్యలో అయిపోయింది. మళ్లీ వేయించలేదు. నాన్న మందులకే డబ్బులు చాలట్లేదు, అయినా సిగ్నల్ లేని ఊళ్లో రీఛార్జ్ ఎందుకు అనుకున్నాను. అవసరమైతే నాన్న బటన్ ఫోన్ పట్టుకుని మెట్ట ఎక్కేదాన్ని. జనవరిలో గెడ్డ దాటుతుంటే నా ఫోన్ నీళ్లలో పడింది. సిమ్ తీసి తుడిచి బియ్యం డబ్బాలో దాచాను. బంగారం దాచినట్టు దాచాను, నవ్వకండి.

నిజం చెప్పాలంటే ఆ నెలలు అంత కష్టంగా ఏమీ లేవు. మొదటి పది రోజులు చెయ్యి ఊరికే నడుం దగ్గరికి పోయేది, ఫోన్ కోసం. తర్వాత మానేసింది. మిరియాల రేటు సంతకి వెళ్లొచ్చినవాళ్లు చెప్పేవారు. ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పడానికి గెడ్డ దగ్గర ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల ముందు ఏ నెట్‌వర్కూ చాలదు. నా లోకం ఏమీ ఆగలేదనే అనుకున్నాను. కానీ బయట నా కోసం ఒక లోకం నడుస్తోంది, అందులో నేనే లేను.

మార్చి చివర్లో పసుపు డబ్బులు వచ్చాయి. పాడేరులో సెకండ్ హ్యాండ్ ఫోన్ కొని, సిమ్ వేసి, రీఛార్జ్ చెయ్యమన్నాను. షాపు అబ్బాయి రెండుసార్లు కొట్టి చూసి, "ఈ నంబర్ లేదక్కా" అన్నాడు. లేకపోవడమేంటి, చేతిలో ఉంది కదా అన్నాను. 90 రోజులు వాడకపోతే కంపెనీ కట్ చెయ్యొచ్చంట. ఈ రూల్ అప్పుడే విన్నాను. మెయిన్ బ్యాలెన్స్‌లో 20 రూపాయలు ఉంటే అలా కట్ చెయ్యకూడదని ట్రాయ్ 2013లోనే చెప్పిందంట, అది ఇంకా తర్వాత తెలిసింది. మనం వేయించే ప్యాక్‌లలో మెయిన్ బ్యాలెన్స్ సున్నానే ఉంటుంది. అక్కడే దెబ్బతిన్నాను.

సరే, నంబర్ పోతే పోయింది, మెయిల్ చూసుకుందామని ఇంటర్నెట్ షాపులో కూర్చున్నాను. పాస్‌వర్డ్ కరెక్టుగానే కొట్టాను. "మీ నంబర్‌కి కోడ్ పంపాం" అని వచ్చింది. ఏ నంబర్‌కి? ఆ లేని నంబర్‌కే. వేరే దారి అంటే పాత ఫోన్‌లో చూడమంది, ఆ ఫోన్ గెడ్డలో పడి చచ్చింది. ఐదుసార్లు ప్రయత్నించాను. ఇది మీరేనని నిర్ధారించలేకపోతున్నాం అని చూపించింది. స్క్రీన్ మీద నా పేరు మొదటి అక్షరం గుండ్రంగా కనబడుతోంది, నన్నేమో నువ్వెవరు అంటోంది. గంటకి 30 రూపాయలు, రెండు గంటలు కూర్చుని, బస్సు టైం అవుతోందని లేచి వచ్చేశాను.

ఏప్రిల్‌లో ఇటుకల పండగకి హాస్టల్లో నా రూమ్మేట్ తన ఊరికి వచ్చి, అక్కడి నుంచి మా ఊరు వెతుక్కుంటూ వచ్చింది. దారిలో ఆడవాళ్లు కర్ర అడ్డం పెట్టి మూడుచోట్ల డబ్బులు వసూలు చేశారని నవ్వుకుంటూ వచ్చిన మనిషి, నన్ను చూడగానే తిట్టడం మొదలుపెట్టింది. "డెమోకి ఎందుకు రాలేదే? లిస్టులో నీ పేరు ఉంది. ఎన్ని మెయిల్స్ పెట్టానో తెలుసా? నీకు పెళ్లైపోయింది, మమ్మల్ని మర్చిపోయావనుకున్నాం."

డెమో క్లాస్ అయిపోయి 11 రోజులైంది. కాల్ లెటర్ మార్చి 24న మెయిల్‌లో వచ్చిందంట. అంటే నేను ఆ షాపులో స్క్రీన్ ముందు కూర్చున్న రోజుకి లెటర్ లోపలే ఉంది. తలుపుకి ఇవతల నేను, అవతల నా ఉద్యోగం. స్కూలుకి వెళ్లి అడిగాను. మెయిల్ పంపాం, ఫోన్ చేశాం, ఇంకేం చెయ్యాలి అన్నారు. వాళ్ల వైపు నుంచి చూస్తే నిజమే. నాన్న మాత్రం వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత అమ్మ చెప్పింది, కోపం కాదంట. "నా కాలు వల్లే కదా పిల్ల ఉద్యోగం పోయింది" అని రాత్రుళ్లు కూర్చుంటున్నారంట. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

అప్పటి నుంచి ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ముందు కొత్త సిమ్. తర్వాత ఆధార్‌లో నంబర్ మార్పు. అప్పట్లో దీనికి మనిషి స్వయంగా వెళ్లి వేలిముద్ర వెయ్యాల్సి వచ్చేది, కాగితాలు అక్కర్లేకపోయేది, ఫీజు 50 రూపాయలు ఉండేది. రెండోసారికి పనైంది (మొదటిసారి సర్వర్ లేదు, పోనూ రానూ బస్సు ఛార్జీ దండగ). అది మారాక డిజిలాకర్ తెరుచుకుంది, టెన్త్, ఇంటర్ మెమోలు దొరికాయి. మా గైడ్ సార్‌కి ఇన్‌లాండ్ లెటర్ రాశాను. పోస్టాఫీసులో ఆయన నన్ను పైకీ కిందకీ చూసి, "ఇంకా ఇవి రాసేవాళ్లు ఉన్నారేటమ్మా" అన్నాడు. 12 రోజులకి సార్ జవాబు వచ్చింది, నా ప్రాజెక్ట్ బైండింగ్ కాపీ డిపార్ట్‌మెంట్ బీరువాలో భద్రంగా ఉందని.

రానిది ఒకటే. మా నానమ్మ 2021లో పోయింది. పోకముందు మా భాషలో ఆవిడ చెప్పిన కథలు 11 రికార్డింగులు ఆ మెయిల్ డ్రైవ్‌లోనే పెట్టాను. ఫోన్ పోయినా ఇవి పోవని పెట్టాను! మూడు కథలు మా మేనత్త కొడుకు మెమరీ కార్డులో దొరికాయి. ఎప్పుడో బ్లూటూత్‌లో వాడికి పంపాను, ఎందుకు పంపానో కూడా గుర్తు లేదు. మిగతా ఎనిమిది నాకు వచ్చినంత నోట్‌బుక్‌లో రాస్తున్నాను. కొన్నిచోట్ల మధ్యలో ఆగిపోతోంది. మా పెద్దమ్మని అడిగితే ఆవిడ వేరేలా చెబుతోంది.

మెయిల్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ కోడ్‌లని ఉంటాయి, ముందే తీసి పెట్టుకుంటే సిమ్ లేకపోయినా లోపలికి పోవచ్చు. కొత్త మెయిల్‌కి అవి కాగితం మీద రాసి అమ్మ ట్రంకు పెట్టెలో పెట్టాను. నాన్న నంబర్ కూడా కలిపాను. మీరు ఈ పోస్ట్ చదవడం ఆపి ఇప్పుడే ఆ పని చేసినా నేనేం అనుకోను.

టవర్ గురించి కూడా అనాలి. 2021 నవంబర్‌లో కేంద్రం 5 రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత జిల్లాల్లో 7,287 ఊళ్లకి 4జీ ఇస్తామని ఒప్పుకుంది, అందులో మన రాష్ట్రం ఉంది. 2022 జులైలో దేశమంతా ఇంకో 24,680 ఊళ్లు అన్నారు. నేను ఈ అంకెలన్నీ జీలుగు చెట్టు కిందే చదివాను. ఉద్యోగం పోయింది నా అజాగ్రత్త వల్లే అని చాలామంది అన్నారు, నేనూ అనుకున్నాను. కానీ ఊళ్లో సిగ్నల్ ఉంటే ఆ రీఛార్జ్ మానేసేదాన్ని కాదు. సగం తప్పు నాది. మిగతా సగం నేను మొయ్యను.

ఇక ఆ నంబర్. అక్టోబర్‌లో ఊరికే ఒకసారి కొట్టి చూశాను. రింగ్ అయింది! ఎవరో మగగొంతు, "ఎవురు?" అన్నాడు. విషయం చెప్పాను, ఒక కోడ్ వస్తుంది, చదివి చెప్తారా అన్నా అని బతిమాలాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఓటీపీ ఎవురికీ చెప్పొద్దంటారు గదమ్మా" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆయన చోట నేనున్నా అదే అంటాను. అదే అన్నాను ఆయనతో. అప్పుడు కొంచెం మెత్తబడి, "యాడ నుంచి మాట్లాడతాండావు? నీ కోసం ఎవురో ఒకరు ఫోన్ చేస్తానే ఉండారు" అన్నాడు. అనంతపురంలో టైల్స్ పని చేస్తాడంట. కోడ్ మాత్రం చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

పోయిన నెల ఆయనే నా కొత్త నంబర్‌కి ఫోన్ చేశాడు. "అమ్మా, సీతంపేట నుంచి ఒకాయమ్మి చేసింది. నీతో చదివిందంట. నీ నంబర్ ఇయ్యమంటావా?" అని. ఇవ్వండన్నా, ఇకమీదట ఎవరు అడిగినా ఇచ్చేయండి అన్నాను.

"అట్లా వద్దులే. అడిగే ఇస్తా" అన్నాడు.