పైథాన్ 3 నేర్పిన పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపండన్నా అని మీరు అడిగారు. మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివాం. ఇప్పుడు ముగ్గురం సాఫ్ట్‌వేర్ పనిలోనే ఉన్నాం. కష్టపడి చదవండి, పైకి రండి అని రాయొచ్చు. కానీ ఆ మాట ప్రతి ఆగస్టు 15కూ మీకు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అందుకే మాకు రోజూ అన్నం పెడుతున్న పైథాన్ గురించి రాద్దామనుకున్నాం. దాని పెద్ద విడుదల ఒకదాన్ని ఎలా ప్లాన్ చేశారు, అందులో ఏ అంచనా తప్పింది, తర్వాత ఎలా సరిదిద్దుకున్నారు అన్నదే ఈ వ్యాసం. ఇందులో మనలాంటి వాళ్ల సంగతి కూడా ఉంది.

పైథాన్ ఒక ప్రోగ్రామింగ్ భాష. నెదర్లాండ్స్‌కు చెందిన గీడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో దీని పని మొదలుపెట్టి, 1991 ఫిబ్రవరిలో అందరికీ అందుబాటులో పెట్టాడు. భాష వేరు, దాన్ని కంప్యూటర్ మీద నడిపించే ప్రోగ్రాము వేరు. వ్యాకరణం వేరు, మాట్లాడే మనిషి వేరు అయినట్టే అనుకోండి. పైథాన్‌ను నడిపించే ప్రోగ్రాముల్లో ముఖ్యమైనది సీపైథాన్. సీ భాషలో రాశారు కాబట్టి ఆ పేరు. ఇది ఓపెన్ సోర్స్. అంటే దాని లోపల ఏముందో ఎవరైనా చదవొచ్చు, మార్పు సూచించొచ్చు, పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చు. ఫీజు కట్టలేని మాలాంటి వాళ్లకు అది ఎంత పెద్ద విషయమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

భాష పెరిగేకొద్దీ పాత నిర్ణయాలు కొన్ని గుదిబండలయ్యాయి. పాత పైథాన్‌లో 7ను 2తో భాగిస్తే 3 వచ్చేది. లెక్కల సారు దగ్గర ఆ జవాబు రాస్తే ఏమవుతుందో మీకు తెలుసు. దానికంటే పెద్ద చిక్కు అక్షరాలది. పైథాన్ 2లో మామూలు స్ట్రింగ్ అంటే బైట్ల వరుస. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన తెలుగుకు చాలదు. 'తెలుగు' అనే మాటను చూడండి. కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు గుర్తులు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో గుర్తుకు మూడేసి చొప్పున 18 బైట్లు. ఈ మాట పొడవెంత అని పైథాన్ 2ని అడిగితే 18 అనేది. పైథాన్ 3 అయితే 6 అంటుంది. పాతదాంట్లోనూ యూనికోడ్ స్ట్రింగు అని వేరే రకం ఉండేది. కానీ ఆ రెండు రకాలూ ఒకచోట కలిస్తే చాలు, ప్రోగ్రాము ఎక్కడ ఆగిపోతుందో తెలిసేది కాదు.

వీటిని సరిచేయాలంటే పాత ప్రోగ్రాములు కొన్ని నడవకుండా పోతాయి. అది తెలిసే పైథాన్ బృందం ఆ నిర్ణయం తీసుకుంది. 2006లో పెప్ 3000 అనే ప్రణాళిక పత్రం రాశారు. పైథాన్‌లో ఏ పెద్ద మార్పుకైనా ముందు ఇలా ఒక ప్రతిపాదన రాసి అందరి ముందూ పెట్టి చర్చిస్తారు. దాన్నే పెప్ అంటారు. 2008 అక్టోబరు 1న పాత వరుసలో 2.6, అదే ఏడాది డిసెంబరు 3న కొత్త 3.0 వచ్చాయి. పాత ప్రోగ్రామును కొత్తదానిగా మార్చే '2టు3' అనే పనిముట్టు కూడా తయారుచేశారు. కాగితం మీద చూస్తే లోటేమీ లేదు.

మాకు ఆ 3.0 గురించి ఏమీ తెలియదు. 2010లో హైదరాబాదులో ముగ్గురం ఒకే గదిలో ఉండి, సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి కొనుక్కుని, ఎవరిదో పుస్తకం జిరాక్సు తీయించుకుని పైథాన్ మొదలుపెట్టాం. పుస్తకం పైథాన్ 2ది. కంప్యూటర్లో ఎవరో ఎక్కించి ఇచ్చింది పైథాన్ 3. పుస్తకంలోని మొదటి లైను, ప్రింట్ అని రాసి కొటేషన్లలో హలో అని ఉన్నది, ఉన్నదున్నట్టు కొట్టాం. 'సింటాక్స్ ఎర్రర్, ఇన్‌వ్యాలిడ్ సింటాక్స్' అని వచ్చింది. మళ్లీ కొట్టాం. మళ్లీ అదే. ఒక్కో అక్షరం వేలితో చూపించుకుంటూ ముగ్గురం చదివాం. మాలో ఒకడు, "మనం తెలుగు మీడియం కదరా, ఇది మనవల్ల అయ్యే పని కాదేమో" అన్నాడు. మిగతా ఇద్దరం మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత పక్క గది అన్న వచ్చి చూసి, "కొత్తదాంట్లో ప్రింట్‌కు బ్రాకెట్లు పెట్టాలిరా" అన్నాడు. అంతే. పెట్టగానే నడిచింది.

తమ్ముళ్లూ, ఆ రెండు రోజుల గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాం. పుస్తకం సరిగానే ఉంది. కంప్యూటరూ సరిగానే ఉంది. రెంటికీ మధ్య ఉన్న సందులో మేము పడ్డాం. అయినా మాకు ముందు తట్టింది మనకు తెలివి లేదేమో అన్న మాటే. మనలాంటి వాళ్లకు అనుమానం ముందు మన మీదికే పోతుంది.

ఆ సందులో పడింది మేమొక్కళ్లమే కాదు. ప్రపంచమంతా పడింది. రాసేవాళ్లు తమ ప్రోగ్రామును ఒకసారి మార్చేసుకుని కొత్తదానికి వచ్చేస్తారని ప్రణాళిక అనుకుంది. కానీ ఒక ప్రోగ్రాము ఇంకో పది లైబ్రరీల మీద ఆధారపడి ఉంటుంది. ఆ పదీ మారితేగాని ఇది మారదు. దీన్ని వాడేవాళ్లు పాతదాంట్లోనే ఉంటే దీన్ని మార్చీ లాభం లేదు. లెక్కలకు వాడే నంపై లైబ్రరీ 2010లోనే పైథాన్ 3కు వచ్చింది. వెబ్‌సైట్లకు వాడే జాంగో 2013లో గాని రాలేదు. అన్నాళ్లూ అందరికీ కావలసింది రెంటిలోనూ నడిచే ఒకే ప్రోగ్రాము. అందుకోసం 'సిక్స్' అనే చిన్న లైబ్రరీ వచ్చింది. రెండు మూళ్లు ఆరు కాబట్టి ఆ పేరు. 3.0లో తీసేసిన పాత రాత పద్ధతి ఒకదాన్ని 2012లో 3.3లో మళ్లీ చేర్చారు. బైట్లకు సంబంధించిన మరొకదాన్ని 2015లో 3.5లో చేర్చారు. వదిలేసి వచ్చిన సామాను కోసం వెనక్కి వెళ్లడం లాంటిదే ఇది. అయినా నామోషీ అనుకోకుండా వెళ్లారు. అది గొప్ప సంగతి.

పాత వరుసలో ఆఖరిదైన 2.7 2010 జులైలో వచ్చింది. దాన్ని 2015 దాకా చూసుకుంటామని ముందు అన్నారు. జనం ఇంకా చేరలేదని తెలిసి, 2014లో ఆ గడువును 2020కి పెంచారు. చిట్టచివరి 2.7.18 2020 ఏప్రిల్ 20న వచ్చింది. అంటే 3.0 విడుదలైన పదకొండేళ్లకు పైగా పాతదాన్నీ మోశారు.

ఆ గడువు మా మెడ మీదికీ వచ్చింది. 2019లో మేము ఒక చిన్న ఆఫీసులో పాత పైథాన్ ప్రోగ్రామును కొత్తదానికి మార్చే పనిలో ఉన్నాం. వేల మంది పేర్లు తెలుగులో అచ్చువేసే ప్రోగ్రాము అది. అందులో పేరును 20 దగ్గర కోసే లైను ఒకటుంది. బైట్లలో 20 అంటే తెలుగులో ఆరు గుర్తులు, ఏడోదాంట్లో మూడింట రెండు వంతులు. పొడుగు పేర్లన్నిటికీ చివర విరిగిన గుర్తు పడేది. వాళ్ల చీటీలు వెనక్కి వచ్చేవి. పైథాన్ 3కు మార్చాక ఆ లెక్క గుర్తుల్లోకి వచ్చింది. ఇరవై గుర్తులంటే చాలా పేర్లు పూర్తిగా పట్టేశాయి. ఈ మార్పు ఎందుకు చేయాల్సి వచ్చిందో మాకు ఆరోజు బాగా అర్థమైంది. మార్పు అవసరమే. తోవే కష్టమైంది.

ఇప్పుడు వాళ్లు విడుదలను ప్లాన్ చేసే తీరు చూడండి. 2018లో గీడో అధినేత బాధ్యత నుంచి తప్పుకున్నాక, 2019 నుంచి అయిదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్‌ను డెవలపర్లే ఎన్నుకుంటున్నారు. 2020లో వచ్చిన 3.9 నుంచి ఏటా అక్టోబరులో ఒక విడుదల. ముందు ఆల్ఫాలు, తర్వాత బీటాలు, ఆ తర్వాత రిలీజ్ క్యాండిడేట్లు. మొదటి బీటా వచ్చిందంటే కొత్త సదుపాయాలకు తలుపు మూసినట్టే. అప్పటికి సిద్ధం కానిది వచ్చే ఏడాది బస్సు ఎక్కాలి. దేన్నయినా తీసేయాలంటే కనీసం రెండు విడుదలల పాటు ముందు హెచ్చరించాలి. ఒక్కో విడుదలను సుమారు అయిదేళ్లు చూసుకుంటారు.

వాళ్ల ముందు ఇప్పుడు మరో పెద్ద మార్పు ఉంది. సీపైథాన్ లోపల గిల్ అనే తాళం ఒకటుంది. కంప్యూటర్లో ఎన్ని కోర్లున్నా ఒకసారి ఒక్క థ్రెడ్డే పైథాన్ పని చేయగలదు. మన హాస్టల్లో పొద్దున్నే ఒక్క కుళాయి దగ్గర నలభై బకెట్లు నిలబడినట్టు. ఆ తాళం తీసేద్దామన్న ప్రతిపాదనను 2023లో ఒప్పుకున్నప్పుడు, పైథాన్ 3 నాటి అవస్థ మళ్లీ రాకూడదని కౌన్సిల్ ముందే చెప్పింది. 2024 అక్టోబరులో 3.13తో పాటు, తాళం లేనిదాన్ని ప్రయోగంగా విడిగా ఇచ్చారు. 2025 అక్టోబరు 7న వచ్చిన 3.14లో అది అధికారికమైంది. అయినా ఇంకా కోరుకున్నవాళ్లకే. మామూలుగా దించుకుంటే వచ్చేది తాళం ఉన్నదే. లైబ్రరీలు చేరడాన్ని బట్టే తర్వాతి అడుగు.

ఇంకో చిన్న సంగతి. మమ్మల్ని రెండు రోజులు కూర్చోబెట్టిన ఆ ఎర్రర్ ఉంది కదా, 2014లో 3.4 వరుసలో దాన్ని మార్చారు. ప్రింట్‌కు బ్రాకెట్లు లేవు అని ఇప్పుడు ఆ ఎర్రరే చెబుతుంది. ఎక్కడో ఎవరో పాత పుస్తకం పట్టుకుని కొత్త కంప్యూటర్ ముందు కూర్చుంటాడని గుర్తుపెట్టుకుని ఆ లైను రాశారు. ఎన్నో కొత్త సదుపాయాల కంటే మాకు ఆ ఒక్క లైనే ఎక్కువ.

మా అనుభవంలో తెలిసింది ఇదే. పెద్ద విడుదలకు రెండు తేదీలుంటాయి. కొత్తది బయటికి వచ్చిన రోజు ఒకటి, ఆఖరివాడు అక్కడికి చేరిన రోజు ఇంకొకటి. పేపర్లో పడేది మొదటిది. మంచి ప్లాను రెండోదాన్ని బట్టి వేస్తారు. ఆ ఆఖరివాడు చాలాసార్లు మనలాంటివాడే. పాత పుస్తకం, పాత కంప్యూటర్, అడగడానికి మనిషి లేని గది. విండోస్ 7 ఉన్న పాత మెషిన్ మీద పైథాన్ 3.8 వరకే నడుస్తుంది, 3.9 నుంచి నడవదు. దానికి సాయం 2024లోనే ఆగిపోయింది. అలాంటి మెషిన్లు మన హాస్టళ్లలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

కాబట్టి మొదటి లైనే నడవకపోతే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ముందు పుస్తకం ఏ వెర్షనుదో, కంప్యూటర్లో ఏ వెర్షను ఉందో చూడండి. రేపు మీలో ఎవరైనా పదిమంది వాడేదాన్ని మార్చే కుర్చీలో కూర్చుంటే, ఆఖరివాడు ఎవరు, వాడు ఎలా చేరతాడు అని ముందు అడగండి. మన మెస్సులో వడ్డించే అన్న ఆఖరి పంక్తి కూర్చునేదాకా గిన్నె అడుగు చూపించేవాడు కాదు. మీకు ఆ లెక్క తెలియంది కాదు.

దసరా సెలవుల తర్వాత మేము ముగ్గురం వస్తున్నాం. కంప్యూటర్ గదిలో ఉన్న ఒక్కో మెషిన్‌లో ఏ వెర్షను ఉందో చూసి ఒక కాగితం మీద రాసి పెట్టండి. వాటిలో అన్నిటికంటే పాతదానితో మొదలుపెడదాం.

ఇట్లు
మీ అన్నలు ముగ్గురం