ముందుగా ఆమెకే చెప్పాలి

షిఫ్టు మధ్యలో క్యాజువాలిటీ ముందు అంబులెన్సు ఆగిందంటే గోదావరిఖనిలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. బొగ్గు బాయిలో బండ పడ్డదని ఊరందరికీ తెలిసిపోతుంది. చాలాసార్లు తెలియనిది భార్యకే.

ఆ రోజు తెచ్చిన సపోర్ట్‌మన్‌కు అప్పటికే ప్రాణం లేదు. ఇద్దరు పెద్దమనుషులు డాక్టరునైన నన్ను పక్కకు పిలిచారు. "సారూ, ఇప్పుడే చెప్పకుండ్రి. సీరియస్ ఉన్నదనుండ్రి. మంథని నుంచి అన్నదమ్ములు రావాలె." వాళ్ల మనసులో చెడు లేదు, ఆమె తట్టుకోలేదన్న భయమే. కానీ అదే వరండాలో ఇంకో పక్క పోయినవాడి బదులు ఇంట్లోవాళ్లకు ఇచ్చే డిపెండెంట్ నౌకరీ ఎవరికన్న మాట మొదలైంది. మొగుడు బతికున్నాడనుకుంటున్న మనిషి చెవిన ముందుగా ఆ మాట పడితే?

ఆమెను కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పాను. "అమ్మా, బండ పడి మీ ఆయన చనిపోయాడు." సీరియస్ అంటే హైదరాబాద్ తీసుకుపోదామని పరుగులు పెడుతుంది. ఆ ఆశ పుట్టించే హక్కు మనకు లేదు.

2009లో వచ్చిన ‘ది మెసెంజర్’ సినిమాలో ఇద్దరు అమెరికా సైనికుల పని ఇదే, యుద్ధంలో పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి కబురు చెప్పడం. దగ్గరివాళ్లకే ముందు చెప్పాలి, చావును చావనే చెప్పాలి, ఒంటిమీద చెయ్యి వేయకూడదు అని వుడీ హారెల్సన్ పాత్ర కొత్తవాడికి నేర్పుతుంది. మొదటి రెండూ నాకు వేదం. మూడోది ఇక్కడ కుదరదు. ఆమె తల గోడకేసి కొట్టుకుంటుంటే సిస్టరమ్మ గట్టిగా పొదివి పట్టుకుంది. పట్టుకోవాలి కూడా.

వెంటనే చెప్పలేని సందర్భాలూ ఉంటాయి. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది పోయారు. లోపలివాళ్లు పైకి వచ్చేదాకా ఎవరూ ఏదీ తేల్చి చెప్పలేని ప్రమాదం అలాంటిది. కళ్లముందు శవం ఉండి, నిజం తెలిసి కూడా ఇంకో గంట దాచడానికి నాకు మనసొప్పదు.

ఆమెకు శవాన్ని చూపించే ముందు మొహాన బొగ్గు తుడవమన్నాను. కనురెప్పల గీతలో నలుపు మాత్రం పోలేదు. "పాణం పోయేటప్పుడు తెలిసిందా సారూ?" అని అడిగింది. దెబ్బ తలకు తగిలిందనీ, ఎక్కువసేపు తెలిసి ఉండదనీ చెప్పాను. కాసేపటికి తనే అంది: "అత్తకు ఫోన్ల చెప్పకుండ్రి." ఫోన్లలో ఫొటోలు తిరగకముందే అత్త దగ్గరికి చేరాలని ఆమె మరిదినీ పక్క క్వార్టర్ పెద్దమ్మనూ వెంటనే ఆటో ఎక్కించాం.