గోంగూర అనుకున్నాను

2016 ఎండాకాలంలో మా అమ్మ నర్సీపట్నం నుంచి మిషిగన్ వచ్చింది. జెట్‌లాగ్‌తో నిద్ర పట్టక, నాలుగో రోజు తెల్లవారుజామున మేడమీద గది కిటికీ దగ్గర నిలబడి, "ఏమే, పక్కింటావిడ గంజాయి వేసిందేంటే?" అంది.

నేను పగలబడి నవ్వాను. "అది గోంగూరమ్మా. నేనే రెండు మొక్కలిచ్చాను" అన్నాను. నేను బీఎస్సీలో బోటనీ చదివినదాన్ని. గోంగూర శాస్త్రీయ నామం హైబిస్కస్ కనాబినస్. కనాబినస్ అంటేనే గంజాయి లాంటిదని. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తేడా కనిపెట్టింది మాత్రం ఏజెన్సీ అంచున పుట్టి పెరిగిన అమ్మ. నేనిచ్చిన గోంగూర ఇంకో మూల ఉంది. కోళ్ళగూడు లాంటి ఇనుప వల గూట్లో తాళం వేసి పెంచుతున్నవి వేరే నాలుగు మొక్కలు.

మన దేశంలో 1985 చట్టం ప్రకారం గంజాయి పెంచితే పదేళ్ళ దాకా జైలు. అమ్మ ఆ రోజంతా కిటికీ దగ్గరే కాపలా కాసింది, పోలీసులొస్తే ముందు మనల్నే అడుగుతారని.

పక్కింటావిడ దాపరికం లేకుండా చెప్పింది. భర్త పోయిన మనిషి, డెబ్భైకి దగ్గర వయసు. కాన్సర్‌కి కీమో నడుస్తోంది. తిన్నది కడుపులో నిలవదు. మిషిగన్‌లో 2008లో జనం ఓటేసి తెచ్చుకున్న చట్టం ప్రకారం కార్డు ఉన్న రోగి పన్నెండు మొక్కల దాకా పెంచుకోవచ్చు. ఈవిడకి నాలుగే చాలు. అసలు చిక్కు లెక్కలో లేదు, చోటులో ఉంది. ఆరుబయట పెంచితే చుట్టూ వల ఉండాలి, తాళం ఉండాలి, పక్క స్థలంలో నేలమీంచి గానీ ఇంట్లోంచి గానీ చూస్తే మొక్క మామూలు కంటికి కనపడకూడదు. ఆవిడ చెక్క కంచె నేలమీద నిలబడ్డవాళ్ళకే అడ్డు. మా మేడ కిటికీకి కాదు. అంటే మా అమ్మ కిటికీ దగ్గర నిలబడ్డంతసేపూ ఆవిడ తోట చట్టానికి విరుద్ధమే! ఆ వారమే మందపాటి కర్టెన్ కొన్నాం. చట్టంలో కర్టెన్ల సంగతి లేదని మా ఆయన అంటూనే మేకులు కొట్టారు.

ఆగస్టు చివర ఆవిడ వారం రోజులు ఆసుపత్రిలో ఉండాల్సొచ్చింది. పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉన్నారు. మా గుమ్మంలోకి వచ్చి, చేతిలో తాళంచెవి పెట్టి, "రోజూ కాసిని నీళ్ళు పోస్తావా?" అని అడిగింది.

అడిగింది నీళ్ళే. కానీ ఆ గూటి తాళం తీసే హక్కు ఆ రోగికి, లేదా రాష్ట్రం దగ్గర పేరు నమోదైన కేర్‌గివర్‌కి మాత్రమే. పైగా అప్పట్లో ఫెడరల్ చట్టంలో గంజాయి హెరాయిన్‌తో పాటు ఒకే జాబితాలో ఉండేది. మేమేమో హెచ్‌వన్, హెచ్‌ఫోర్ మీద, గ్రీన్‌కార్డు వరసలో ఉన్నాం. "మా వీసా..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆవిడ తాళంచెవి తీసుకుని, "అడగకుండా ఉండాల్సింది, నాదే తప్పు" అంది. ఆవిడదేం తప్పు?

ఆ వారం వాన చుక్క పడలేదు. సాయంత్రం నా గోంగూరకి నీళ్ళు పెడుతుంటే గొట్టం కంచె దాకా చక్కగా అందేది. తాళం తియ్యనక్కర్లేదు, పైనుంచి చిమ్మితే చాలు. మూడో రోజు కంచె దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆవిడ తిరిగొచ్చేసరికి రెండు మొక్కలు ఎండిపోయాయి.

సెప్టెంబరులో మిగిలిన రెండూ పూతకొచ్చి వాసన మొదలైంది. నిజం చెప్పాలంటే భరించలేని వాసనే. అప్పటికే వీధిలో ఇంకెవరో కూడా పెంచుతున్నారట. ఇంటి లోపల తప్ప ఎక్కడా పెంచకూడదని టౌన్‌షిప్ రూలు పెట్టాలంటూ ఒకాయన సంతకాలకి వచ్చాడు. మేం పెట్టలేదు. అలాగని మీటింగుకి వెళ్ళి ఆవిడ తరఫున మాట్లాడనూ లేదు. రూలు వచ్చింది. వయోమింగ్ అనే ఊరు మొత్తానికే వద్దంటే అది చెల్లదని 2014లోనే రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పక్కనే ఉన్న బైరన్ టౌన్‌షిప్ కేసులో మాత్రం, కేర్‌గివర్లు ఎక్కడ పెంచాలో జోనింగ్ రూళ్ళతో చెప్పొచ్చని 2020లో తీర్పిచ్చింది.

కాగితం మీద 'ఎక్కడ' అన్నది చిన్న మాటే. ఆవిడకి అది బేస్‌మెంట్‌కి పద్నాలుగు మెట్లు. లైట్లు, ఫాన్లు, కరెంటు బిల్లు సరే. కీమో అయిన మర్నాడు కూడా నీళ్ళ కాను పట్టుకుని దిగాలి. నేను చారు తీసుకెళ్ళినప్పుడు, ఆవిడ సగం మెట్ల మీద ఆగి ఊపిరి తీసుకోవడం పైనుంచి వినపడేది. కాను అందుకుంటే బావుండునని కాళ్ళు లాగేవి. గిన్నె బల్లమీద పెట్టి వచ్చేసేదాన్ని.

2018 నవంబరులో మళ్ళీ ఓటింగు జరిగింది. ఇరవై ఒకటి దాటినవాళ్ళెవరైనా సరే, ఇంటికి పన్నెండు మొక్కలు పెంచుకోవచ్చు. ఇప్పుడు హైవే పొడుగునా దుకాణాల బోర్డులే. మనవాళ్ళు మాత్రం ఆ బోర్డులు చూసి మోసపోవద్దు. రాష్ట్రంలో చెల్లినా సరే, గంజాయితో సంబంధం సిటిజన్‌షిప్‌కి అడ్డం పడొచ్చని 2019లో ఇమ్మిగ్రేషన్ వాళ్ళు రాతపూర్వకంగానే చెప్పారు.

ఆ ఓటింగుకి ముందే ఆవిడ ఇల్లమ్మి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్తూ ఖాళీ గూడు మా పెరట్లో పెట్టించింది, జింకలు నా గోంగూర తినేస్తున్నాయని ఎప్పుడో చెప్పుకున్న సంగతి గుర్తుపెట్టుకుని. నాలుగు మొక్కలు చక్కగా పడతాయి అందులో.