పొట్లం కట్టే పనికి టైమ్‌షీట్లో కోడ్ లేదు

మా మేడ్చల్ నుంచి వెళ్తే శామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ వస్తుంది. అక్కడ తయారయ్యే టీకాల గురించి అందరికీ తెలుసు. కానీ సీసా మీద బ్యాచి నంబరు, గడువు తేదీ వేసి, చల్లటి పెట్టెలో సర్ది పంపకపోతే ఆ టీకా ఊరు దాటదు కదా! సాఫ్టువేరులోనూ అలాంటి పనొకటుంది. ప్యాకేజింగు. మనవాళ్ళు రెజ్యూమేలో పెద్దగా రాసుకోని పని :)

ఈమధ్య గ్నూ ప్లాట్‌యుటిల్స్ అనే పాత లైబ్రరీకి ప్యాకేజీ కట్టాను. గ్రాఫులు, బొమ్మలు గీసి ఎస్‌వీజీ, పోస్ట్‌స్క్రిప్ట్ లాంటి వెక్టర్ ఫైళ్ళుగా ఇస్తుంది. పెన్నుతో గీసే పాత ప్లాటర్ల భాష హెచ్‌పీజీఎల్ కూడా దానికొచ్చు. చివరి వెర్షను 2.6, 2009లో వచ్చింది. మా ఆఫీసు మెషీన్లలో బయటి ప్యాకేజీలు నేరుగా వేసుకోనివ్వరు, అందుకని సొంతంగా రెసిపీ రాయాల్సొచ్చింది.

రెసిపీ అంటే ఏముంది.. సోర్సు ఎక్కడుంది, చెక్‌సమ్ ఎంత, ఏ లైబ్రరీలు ముందుండాలి, ఎలా బిల్డ్ చెయ్యాలి. ఓ ఇరవై లైన్లు. అసలు కథ తర్వాతే మొదలవుతుంది. 2011లో వచ్చిన లిబ్‌పీఎన్‌జీ 1.5 తన లోపలి స్ట్రక్చర్లని దాచేసింది. ప్లాట్‌యుటిల్స్ ఏమో వాటినే నేరుగా ముట్టుకుంటుంది, కాబట్టి కంపైల్ అవదు. ఆ చోట మాక్రో పెడితే సరిపోతుంది. ఆ సవరణ హోమ్‌బ్రూ వాళ్ళు, జెంటూ వాళ్ళు ఎప్పుడో చేసిపెట్టారు. ఇక కాన్ఫిగర్ స్క్రిప్టుకి 64 బిట్ల ఆర్మ్ లినక్స్ అంటే ఏంటో తెలీదు, అది పుట్టేనాటికి అవి లేవు మరి. మెషీన్ని గుర్తుపట్టే ఫైలు కొత్తది తెచ్చిపెట్టాను. మొత్తం రెండ్రోజులు పట్టింది.

శుక్రవారం టైమ్‌షీట్ నింపుతుంటే ఈ పనికి ప్రాజెక్టు కోడే లేదు. "ఇందులో నువ్వు కొత్తగా రాసిందేముంది?" అన్నారు మా మేనేజరుగారు. నిజమే, కొత్తగా రాసింది తక్కువే. కానీ పదిహేనేళ్ళు దాటిన కోడు ఈరోజు మెషీన్లో నడుస్తోందంటే కారణం, మధ్యలో ఎవరో జీతం లేకుండా ఆ నాలుగు లైన్లు సరిచేసి ఉంచడమే. మనం చేసే ప్రతి ఇన్‌స్టాలూ అలాంటి వాళ్ళ దయే. ఆ మాట మన కంపెనీల లెక్కల్లోకి రాదు.

మేడ్చల్ రోడ్డు చుట్టుపక్కలంతా ఇంజినీరింగ్ కాలేజీలే. శామీర్‌పేట దగ్గర 2008లో బిట్స్ పిలానీ క్యాంపస్ కూడా వచ్చింది. ఫైనలియర్లో రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కునే పిల్లలకి నేను చెప్పేదొకటే. ఇలాంటి పాత లైబ్రరీ ఒకటి తీసుకుని ఇప్పటి మెషీన్లో బిల్డ్ చేసి చూడండి. పక్కవాడి కోడు చదవడం, ఎర్రర్ మెసేజీకి బెదరకపోవడం, లైసెన్సు చూడటం అన్నీ అందులోనే వచ్చేస్తాయి. దీంతో ఉద్యోగం వస్తుందా అంటే, గ్యారంటీ ఇవ్వలేను. కానీ ఉద్యోగం వచ్చాక మొదటి రెండేళ్ళు మీరు చేసేది ఇదే!

మీ ఆఫీసు టైమ్‌షీట్లో ఇలాంటి పనికి కోడ్ ఉందా?