ఇమ్లీబన్: మూసీ నడుమ ఒక సరాయి

హైదరాబాదుకు రాకపోకలు సాగించే మన కుటుంబాలలో 'మహాత్మా గాంధీ బస్ స్టేషన్' అని పూర్తి పేరు పలికేవారు అరుదు. ఇమ్లీబన్‌లో దిగామంటారు, ఇమ్లీబన్‌లో ఎక్కామంటారు. ఇమ్లీ అంటే చింత, బన్ అంటే వనం. తోపు పోయింది, పేరు నిలిచింది. కర్నూలు, కడప, గుంటూరు, నల్లగొండ, ఖమ్మం ప్రాంతాల నుంచి బస్సులో వచ్చే మనవారెందరికో ఈ మహానగరం మొదట కనిపించేది చార్మినారు రూపంలో కాదు, ఇక్కడి ప్లాట్‌ఫారాల రూపంలోనే.

మూసీనది రెండు పాయలుగా చీలిన చోట, వాటి నడిమి నేల మీద ఈ బస్టాండు ఉన్నది. 1994లో ప్రారంభమైనది. బస్సు వంతెన దాటి లోనికి రావాలి, వంతెన దాటి వెలుపలికి పోవాలి. ఉస్మానియా ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్, దారుషిఫా, సాలార్‌జంగ్ మ్యూజియం అన్నీ దగ్గరివే. రోగిని వెంటబెట్టుకొని తెల్లవారుజామున దిగే పల్లెవారికి ఈ సామీప్యం చిన్న మేలు కాదు. ఇప్పుడు పక్కనే మెట్రో స్టేషను కూడా వచ్చింది.

అంతకు మునుపు దూరప్రయాణాల బస్సులకు నెలవు సమీపంలోని గౌలిగూడ. నిజాం రాష్ట్ర రైల్వే సంస్థ 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణాకు శ్రీకారం చుట్టింది. గౌలిగూడలో విల్లులా వంగిన కప్పుతో ఉన్న పెద్ద ఇనుప షెడ్డును నేటి యాభై, అరవై ఏళ్ళవారు మరువలేరు. అది 2018 జులైలో కూలిపోయింది. ముందుగానే ఖాళీ చేయించినందున ప్రాణనష్టం జరగలేదు, అల్‌హమ్దులిల్లాహ్. ఆర్టీసీ బస్సుల నంబరులో కనిపించే 'జెడ్' అక్షరం ఏడవ నిజాం మాతృమూర్తి జెహ్రా బేగం పేరు నుంచి వచ్చిందని పెద్దలు చెప్పుకుంటారు. అది జనశ్రుతి. అయినా తల్లి పేరుతో ముడిపడిన మాట గనుక వినడానికి ఇంపుగా ఉంటుంది.

ఈ బస్టాండు మాకు బాగా తెలిసేది షవ్వాల్ మాసంలో. రమజాను సెలవులు ముగిసి మదరసాలు తెరిచే రోజులవి. రేకు పెట్టె, చుట్టిన పరుపు, ఊరగాయ డబ్బా పట్టుకొని పదేళ్ళ పిల్లలు దిగుతారు. వెంట వచ్చిన తండ్రి రెండు మూడు గంటలలో తిరుగు బస్సెక్కాలి. వీడ్కోలు వేళ తండ్రి కిటికీ లోంచి చూస్తాడు, పిల్లవాడు నేల చూస్తాడు. ఆ కాసేపూ మేము పిల్లవాని పెట్టె గురించో, భోజనం గురించో మాట్లాడుతూ ఉంటాము. ఈ మధ్య తల్లులు కూడా తరచుగా రాగలుగుతున్నారు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు ఖర్చు లేకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. ఏడాదికొకసారి కొడుకును చూసిన తల్లి ఇప్పుడు నెలకొకసారి చూస్తున్నది.

జుహ్ర్ వేళకు ఏదో ఒక మూల జాయెనమాజు పరుస్తారు. అక్కడ మా విద్యార్థులకు ఒక మస్‌అలా కళ్ళెదుటే కనిపిస్తుంది. కర్నూలు నుంచి రెండు రోజుల పనికై వచ్చినవాడు ముసాఫిర్. విడిగా చదువుకుంటే నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చదువుతాడు. అదే చోట కర్నూలు బస్సు కోసం నిలబడిన మలక్‌పేట నివాసి మాత్రం నాలుగూ చదవాలి. చేతిలో టిక్కెట్టు ఉన్నా, ఊరి ఇళ్ళు దాటేవరకు హనఫీ ఫిఖ్హ్ అతనిని ముసాఫిర్‌గా ఎంచదు. పుస్తకంలో అరగంట పట్టే పాఠం ఇక్కడ అర నిమిషంలో బోధపడుతుంది.

ఇక చెప్పక తప్పని మాట. 2025 సెప్టెంబరు 26 రాత్రి, ఎగువన భారీ వర్షాల వల్ల జంట జలాశయాల గేట్లు ఎత్తడంతో మూసీ పొంగి ఈ బస్టాండులోకి చొచ్చుకొచ్చింది. పండుగ ప్రయాణాల రద్దీ కాలమది. స్త్రీలు, పిల్లలు, వృద్ధులు నీటి నడుమ చిక్కుకుపోగా సహాయ సిబ్బంది తాళ్ళ ఆసరాతో వారిని బయటికి చేర్చారు. రాకపోకలు నిలిచిపోయాయి.

నదికి ఇది కొత్త దారి కాదు. 1908 సెప్టెంబరు 28న ఇదే మూసీ వేలాది మందిని పొట్టన పెట్టుకున్నది. నాటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు సుమారు 150 మందికి ఆశ్రయమిచ్చి కాపాడింది. ఆ చెట్టు ఉన్న చోటు నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణే, ఇమ్లీబన్‌కు కూతవేటు దూరం. ఆ ఉపద్రవం తరువాతనే వరదను అదుపు చేసేందుకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిర్మించారు. జలాశయాలు ఉన్నాయి కదా అని నది ఒడిలోనే బాటసారుల మజిలీ కట్టుకున్నాము. మజిలీ కట్టినవారు గేట్లు ఎత్తే వేళకు ముందే ప్రయాణికులను అక్కడి నుంచి తరలించే ఏర్పాటు కూడా చేయాలి. జకాత్ హక్కుదారుల పట్టికలో దివ్య ఖుర్ఆన్ బాటసారిని చేర్చింది. సొంత ఊరిలో ధనికుడైనా దారిలో అతడు నిస్సహాయుడే గనుక. అర్ధరాత్రి మోకాటి లోతు నీటిలో బిడ్డనెత్తుకొని నిలిచిన తల్లి ఏ ఊరిదని, ఏ మతానిదని అడిగే పని లేదు. ఆమె బాటసారి, అంతే. పొడిగా ఉండే విశ్రాంతి గది, శుభ్రమైన మరుగుదొడ్డి, సకాలంలో ఒక మైకు ప్రకటన ఆమెకు దయతో పెట్టే భిక్ష కాదు.

వానాకాలంలో మా విద్యార్థుల తల్లిదండ్రులకు మేము చెప్పే మాటను పాఠకులకూ చెబుతున్నాము. జంట జలాశయాల గేట్లు ఎత్తారని వినగానే ఇమ్లీబన్‌కు బయలుదేరవద్దు, ముందుగా ఆర్టీసీ వారిని విచారించండి. మొన్నటి వరదలో కర్నూలు వైపు బస్సులు ఆరాంఘర్ నుంచి, విజయవాడ వైపువి ఎల్.బి.నగర్ నుంచి, వరంగల్ వైపువి ఉప్పల్ నుంచి నడిచాయి. పిల్లవాని జేబులో ఇంటి ఫోను నంబరు రాసిన కాగితం ఒకటి, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇవ్వండి.